పదకొండో బద్ద

చెల్లాయికి,

అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, గోడగడియారమూ. అది రోజుకి ఏడు నిమిషాలు వెనకబడుతోంది, నేను అంతకంటే కాస్త ఎక్కువ. అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ నీ మనవరాలు కులాసాగా లేదని నీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి ఆ మర్యాద మింగేస్తున్నాను.

ఉత్తరం అందిన రోజే మందుల షాపు అతని చేత నీకు ఫోన్ చేయించాను. నా చెవులకి ఫోన్‌లో మాట దోమ రొదలా వినిపిస్తుందని నీకు తెలుసు. నేను చెప్పమన్నది ఒక్కటే, పిల్ల వేలికి విప్పించిన బద్ద వెంటనే మళ్లీ పెట్టించమని. నీ జవాబు అతను మందుల చీటీ వెనక రాసిచ్చాడు. "ఆ బద్ద మా ఇంటికి అచ్చిరాలేదండీ. ఎందుకు పెట్టించాలో అన్నయ్యని ఉత్తరం రాయమనండి. చదివాక ఆలోచిస్తాను." అక్షరాలు అతనివి, గొంతు నీది.

అందుకే ఈ ఉత్తరం. ఇది చదివాకే నువ్వు తేలుస్తానన్నావు కాబట్టి, జీవితంలో మొదటిసారి నేను రాసేదాని మీద ఒకరి వేలు ఆధారపడి ఉంది. పిల్ల బంతి పట్టుకోబోతే అది వేలి కొసకి తగిలింది. కుడిచేతి మధ్యవేలు చివరి కణుపు వాలిపోయింది. ఇంకో చేత్తో ఎత్తితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది. నీకు జరిగిందే, అదే చెయ్యి, అదే వేలు. పిల్ల చదివే నర్సింగ్ కాలేజీ డాక్టరు బద్ద కట్టి ఎనిమిది వారాలు ఉంచమంటే ఇంటికి రాగానే నువ్వు విప్పించేశావు. ఇప్పుడు ఆ వేలికి ఏం చేయాలి, నీ మూడు ప్రశ్నల్లో అసలుది ఇదే. దీన్ని చివర పెడతాను. నేను చదివిన పుస్తకాలన్నీ అదే పని చేశాయి. పిరికితనాన్ని అక్కడ శిల్పం అంటారు.

మొదటి ప్రశ్న, నా కళ్ల సంగతి. ఎడమ కన్ను ఆపరేషన్ అయ్యాక చీమ కాళ్లు కూడా కనిపిస్తున్నాయి. దానివల్ల లాభం ఏమీ లేదు, మనుషుల మొహాలు ఇదివరకటి కంటే స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎవరైనా వస్తున్నారా అని అడిగావు. మా ఆస్పత్రి వర్క్‌షాపు స్టోర్ కీపర్, అదే నస్యం అని పేరు పెట్టినవాడు, వస్తున్నాడు. నా పేపరు పట్టుకుపోయి, గళ్ల నుడికట్టు మొత్తం తప్పులతో నింపి, సాయంత్రం తిరిగి ఇస్తాడు. "మీకు శ్రమ తగ్గించానండీ" అంటాడు. ముప్ఫై ఏళ్లు నాకు అల్యూమినియం రేకు అడిగిన కొలత కంటే చిన్నది ఇచ్చిన మనిషి, ఇప్పుడైనా మారతాడనుకోవడం నా తప్పు.

రెండో ప్రశ్న. ఆస్పత్రి కొత్త భవనంలో మన బద్దని అద్దాల పెట్టెలో పెట్టారట, నిజమేనా అన్నావు. నిజమే. వెళ్లి చూశాను. లిఫ్టు పక్కన, చెప్పుల స్టాండుకి ఎదురుగా. లోపల మెత్తటి గుడ్డ మీద బద్ద, దాని వెనక అప్పట్లో నీ వేలు చూసిన చేతుల డాక్టరు ఫోటో. పళ్లన్నీ ఆయనవే కాకపోయినా నవ్వు మాత్రం ఆయనదే. కింద చీటీ మీద "వేలి గాయాలకు సర్దుబాటు బద్ద" అనీ, రూపకర్తగా ఆయన పేరూ. అంతటితో ఆగినా సరిపోయేది. బద్దని తలకిందులుగా పెట్టారు. అక్కడ కూర్చున్న అమ్మాయికి చెప్పాను.

"అమ్మా, అది తలకిందులుగా ఉంది. చెంచాలా ఉన్న భాగం కిందకి రావాలి."

"తాతగారూ, మీకు ఏ డాక్టరు కావాలి?"

"ఏ డాక్టరూ వద్దమ్మా. బద్ద తిప్పి పెట్టాలి."

"తల తిప్పినట్టు ఉంటే రెండో అంతస్తు తాతగారూ, చెవి డాక్టరు అక్కడే."

నవ్వుకో. నేను నవ్వలేదు. "బస్సులో కిటికీ సీటు కోసం కూడా గొంతు చించుకునే మనిషివి, నువ్వు చేసినదాని మీద ఆయన పేరు రాసుకుంటే ఎందుకు నోరెత్తలేదు" అని నువ్వు నీ ఉత్తరంలో నిలదీశావు. ఈ ప్రశ్నకి జవాబూ, మూడో ప్రశ్నకి జవాబూ ఒకటే. అందుకే మొదటి నుంచీ చెప్పాలి.

నీ వేలు ఎలా దెబ్బతిందో గుర్తుంది కదా. పరుపు కింద దుప్పటి అంచు దోపుతున్నావు. వేలి కొస మడతలో చిక్కి టక్కుమంది, అంతే. వర్క్‌షాపులో మా సూపర్‌వైజరు, జనరేటర్ అని పిలిచేవాళ్లం, పది రోజులు దాన్నే నవ్వులాట చేశాడు. "దుప్పటి కొడితే వేలు విరిగిందంటయ్యా. ఇక దిండు కొడితే తల లేచిపోతుంది." వాడి గొంతు ఎప్పుడూ యంత్రాలు నడుస్తున్నప్పుడు మాట్లాడే గొంతే, యంత్రాలు ఆగినా సరే. ఇప్పుడు వాడికి మాట పడిపోయిందని విన్నాను. బాధపడ్డాను అని రాయడానికి ప్రయత్నించాను, కలం కదల్లేదు.

చేతుల డాక్టరు నిన్ను చూసి చెప్పింది ఇది. వేలి కొసని పైకి లాగే సన్నటి తీగ ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన ఏదో పేరు పెట్టి పిలిచాడు, నువ్వు దారం అనుకో. రఫూ చేసేదానివి, దారం అంటే నీకే బాగా అర్థం అవుతుంది. ఆ దారం తెగింది. కొసని చక్కగా నిలబెట్టి ఉంచితే రెండు చివరలూ వాటంతట అవే అతుక్కుంటాయి. ఎనిమిది వారాలు. ఈలోగా ఒక్కసారి, ఒక్క క్షణం, కొస కిందకి వంగిందా, అతుకు ఊడినట్టే. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. "స్నానానికి కూడా తీయకూడదమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు వంద ఫిర్యాదులున్నాయి. ఆ రోజు చెప్పడంలో మాత్రం లోపం లేదు.

ఆస్పత్రిలో అప్పుడున్నవి చెక్కపుల్లలూ, మూడు కొలతల ప్లాస్టిక్ తొడుగులూ. దెబ్బ తగిలిన వేలు మొదట వాస్తుంది. అయిదారు రోజులకి వాపు తీస్తుంది. వాపు మీద సరిపోయిన తొడుగు వాపు తీశాక వదులై, లోపల కొస మెల్లగా వాలుతుంది. ఇది డాక్టర్లకి కనపడలేదు, నాకు కనపడింది. కర్రకాళ్లూ, నడుం పట్టాలూ చేసేవాడికి ఒంటి కొలత రోజూ మారుతుందని తెలుసు. తీయకుండానే బిగించుకునే బద్ద కావాలి. కింద వేలి మెత్తని భాగాన్ని మోసే చిన్న చెంచా, పైన కణుపు వెనక అడ్డంగా ఒక పట్టీ, రెండింటికీ మధ్య ఒక గాడి, గాడిలో గోటితో తిప్పగలిగే మర. వేలు సన్నబడితే మర తిప్పు, పట్టీ దిగుతుంది. మధ్య కణుపు మాత్రం వదిలేయాలి, లేకపోతే వేలంతా కొయ్యబారుతుంది. ఇంతే. ఇప్పుడు చెబితే చిన్నపిల్లలు కూడా "ఇంతేనా" అంటారు. అప్పుడు దాన్ని ఈ భూమ్మీద ఎవరూ చెయ్యలేదని నా నమ్మకం. ఆ నమ్మకమే నా తలకెక్కింది.

మొదటిది మన వంటింటి చెంచాని కోసి చేశాను, నీకు గుర్తుండే ఉంటుంది. రెండోది గోటిని నొక్కింది. మూడోది ఇనుము, చెమటకి తుప్పు వాసన కొట్టింది. నాలుగో దానికి చిల్లులు పెట్టాను, గాలి ఆడక నీ చర్మం తెల్లగా నానిపోతోందని. ఆరోది పొడుగైపోయింది. ఎనిమిదో దాని మర పైకి వచ్చి నీ చీర దారాలన్నీ లాగింది. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా నువ్వు వేలిని బల్లకి ఆనించి ఉంచేదానివి, నేను పాతది జరిపి కొత్తది తొడిగేవాణ్ణి. కొస బల్ల మీద ఆని ఉంటే వంగదు. అంతవరకూ తప్పు లేదు. డాక్టరు కూడా అలా మార్చవచ్చని తర్వాత చెప్పాడు.

ఇక ఇది చదివేటప్పుడు కూర్చో.

నేను బద్ద మార్చి ఊరుకోలేదు. పని చేస్తోందా లేదా చూడాలనుకున్నాను. బద్ద తీసినప్పుడల్లా "చెల్లాయ్, వేలు ఎత్తి వదిలెయ్, ఎంత వాలుతుందో చూద్దాం" అనేవాణ్ణి. నువ్వు వదిలేదానివి. కొస వాలేది. నేను కోణమానిని పెట్టి డిగ్రీలు చూసి పుస్తకంలో రాసేవాణ్ణి. నువ్వు ఒకసారి అడిగావు.

"అన్నయ్యా, అసలు తీయనే కూడదని డాక్టరు గారు అన్నారు కదా?"

"ఆయన తీయొద్దన్నది నిన్ను. చేసేవాణ్ణి నన్ను కాదు."

నీకు నా మీద ఎంత నమ్మకమంటే, ఆ మాట విని నవ్వి వేలు చాపావు.

ముప్ఫై డిగ్రీలున్న వాలు వారానికి ఇరవై రెండుకి వచ్చింది. అతుకుతోందన్నమాట. ఆనందంతో మూడు రోజులకే మళ్లీ కొలిచాను. ముప్ఫై ఒకటి. అప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? నా చూపు దాన్ని తెంపిందని అనుకోలేదు. బద్ద బాగాలేదు అనుకున్నాను. ఇంకోటి చేశాను. అది పెట్టాక కాస్త తగ్గింది, కొలిచాను, మళ్లీ పెరిగింది. మళ్లీ ఇంకోటి. ఎనిమిది వారాల్లో పదకొండు బద్దలు, పదకొండు కొలతలు, పదకొండుసార్లు నీ దారం తెంపాను. ప్రతి తెంపూ నాకు ఇంకో మంచి బద్ద నేర్పింది. పదకొండోది ఎక్కడా లోపం లేకుండా వచ్చింది. ఆ రోజుకి నీ వేలు పనికి రాకుండా పోయింది.

తెలియక చేశానని రాయాలని ఈ పేరా మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నాకు తెలుసు. డాక్టరు బల్ల మీద ఉన్న లావుపాటి పుస్తకం అడిగి తెచ్చుకుని ఆ పేజీలు చదివాను, పెన్సిల్‌తో గీతలు కూడా పెట్టాను. ఎక్కువ చదివినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. రాసి ఉన్నవన్నీ మిగతావాళ్ల కోసం రాసినవి అనుకుంటారు.

ఎనిమిది వారాలు అయ్యాక, ఆస్పత్రికి బయలుదేరే ముందు నేను మళ్లీ తొడిగిన వాళ్ల ప్లాస్టిక్ తొడుగుని డాక్టరు తీశాడు. కొస కొక్కెంలా వాలింది. ఆయన రెండుసార్లు ఎత్తి వదిలి చూసి, కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టుకున్నాడు.

"దీన్ని మధ్యలో తీశారా?"

నువ్వు నా వైపు చూశావు. నేను చెబుతాననుకున్నావు, చేసేవాణ్ణి కాబట్టి. నేను నోరు తెరిచి చెప్పింది ఇది. "గిన్నెలు తోమేటప్పుడు తడిసి జారిందేమోనండీ. దానికి కాస్త అజాగ్రత్త."

నువ్వు ఇంకా నా వైపే చూస్తున్నావు. తర్వాత తల వంచుకుని, "ఒకసారి తడిసిందండీ" అన్నావు. తడిసింది నిజమే, నాకు తెలుసు. తడిస్తే ఏమీ కాదు. డాక్టరు నిన్ను పావుగంట చివాట్లు పెట్టాడు. నేను పక్కన నిలబడి తల ఊపాను.

ఆ చూపులో నీకు నిజం తెలిసిందో, లేక నీ తప్పేనని నిజంగా నమ్మేశావో, నలభై ఒక్క ఏళ్లుగా నాకు తేలలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

రఫూ దుకాణంలో సూదిని నెట్టే ఇత్తడి టోపీ ఆ వేలికే తొడగాలి. కొస వాలిన వేలికి అది నిలవలేదు. నువ్వు పూడ్చిన చిరుగు ఎక్కడుందో చొక్కా వేసుకున్నవాడు కూడా కనిపెట్టలేడని మీ దుకాణం పెద్దావిడ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. రెండు నెలలు ఎదురుచూసి, ఆవిడే కళ్లు తుడుచుకుంటూ నిన్ను లాండ్రీలో మూటలు కట్టే పనికి చేర్పించింది. అక్కడ నువ్వు ఇరవై ఆరేళ్లు మూటలు కట్టావు.

మా బావ సంగతి కూడా చెప్పాలి. పోయినవాళ్ల గురించి మంచే చెప్పమంటారు. బతికుండగా ఆయన గురించి నేను ఒక్క మంచి మాటా అనలేదు కాబట్టి ఇప్పుడు అంటాను. పెళ్లయిన కొత్తలో ఆయన నీ వేలు పట్టుకుని చూసి, భోజనాల దగ్గర నాతో అన్నాడు. "బావా, ఇది తడికి పోలేదు. ట్యూబుకి ప్యాచ్ వేశాక ఆరకముందే అంటుకుందా లేదా అని లాగి చూస్తారు కొందరు. ఇలాగే ఉంటుంది. ఎవరో కెలికారు." పంచర్లు వేసుకునేవాడు శరీర శాస్త్రం చెబుతున్నాడని ఆ రోజు నేను ఆయన్ని పదిమందిలో చీల్చి చెండాడాను. నేను చదివిన పుస్తకాల పేర్లు వరసగా అప్పజెప్పి, వాటిలో ఒక్కటైనా చూశావా అన్నాను. ఆయన కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మీ ఇంటికి నేను రావడం తగ్గించింది ఆయన మోటుతనం భరించలేకే అని నీకు చెప్పాను. అబద్ధం. ఆ ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఆయన ఒక్కడే.

ఇక డాక్టరు. పదకొండో బద్దని నెల తర్వాత ఆయనకి చూపించాను. వేలికి తొడుక్కుని, మర తిప్పి, కిటికీ దగ్గర వెలుగులో చాలాసేపు చూశాడు.

"బాగుంది మేస్త్రీ. ఎవరి వేలి మీద చూసి చేశారు?"

"చెక్కవేలు చేసుకుని చూశానండీ."

"చెక్కవేలికి వాపు రాదు కదా మేస్త్రీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. బద్దని కోటు జేబులో వేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అది ఆయన పేరుతో తయారైంది. నేను చేసినదని నోరెత్తితే రుజువు చూపించాలి. రుజువంటే ఆ కొలతల పుస్తకం. అందులో పదకొండు తేదీలున్నాయి, తీయకూడని రోజుల తేదీలు. ఆయన నా వస్తువు తీసుకున్నాడు, నేను ఆయన మౌనం తీసుకున్నాను. నలభై ఏళ్లుగా దొంగ డాక్టరు అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను గానీ, మా ఇద్దరి మధ్య బేరం చాలా శుభ్రంగా జరిగింది.

ఆ బద్దతో ఎన్ని వేళ్లు నిలబడ్డాయో లెక్క లేదు. నా చేత్తో తొడిగినవే వందలు. అన్నీ ఎందుకు నిలబడ్డాయంటే, వాటిని మధ్యలో తీసి చూడటానికి నేను వాళ్ల ఇళ్లలో లేను.

కాబట్టి నీ మూడో ప్రశ్నకి జవాబు. ఆపరేషన్ చేయించమంటావా, దేవుడి మీద వదిలేయమంటావా అన్నావు. రెండూ వద్దు. బద్ద మీ ఇంటికి అచ్చిరాకపోవడం కాదు, మీ ఇంటికి నేను అచ్చిరాలేదు. తొమ్మిది రోజులు పోయాయి, ఇంకా మించిపోలేదు. ఇంతకంటే ఆలస్యంగా పెట్టిన వేళ్లు కూడా నిలబడటం చూశాను. ఆ కాలేజీ డాక్టరు దగ్గరికి రేపే తీసుకెళ్లి మళ్లీ కట్టించు. కింద చర్మం నానితే, వేలిని బల్లకి ఆనించి, కొస లేవకుండా, వాలకుండా, బద్దని ముందుకి జరిపి తుడిచి మళ్లీ వెనక్కి జరపాలి. ఇంకొకరు పక్కన ఉండి కొసని పట్టుకోవాలి. బాగైందేమో చూద్దాం అని పిల్ల అంటుంది, నువ్వూ అంటావు. చూడకూడదు. అది రేపు మనుషుల చేతులకి సూదులు పెట్టాల్సిన పిల్ల.

ఈ ఉత్తరంతో పాటు కొలతల పుస్తకం పంపుతున్నాను. తేదీలు చూసుకో, నా దస్తూరి నీకు తెలుసు. రెండూ నీ కూతురి ముందూ, మనవరాలి ముందూ పైకి చదివించు. మీ ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు పొంగినా, "అమ్మ చెయ్యి అంతేలే" అంటారు కదా. నువ్వూ నవ్వుతూ ఒప్పుకుంటావు. ఆ మాట పుట్టించింది నేను. దాన్ని ఆపగలిగేదీ ఈ కాగితమే.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే క్షమించేస్తావు, అదే నా భయం. క్షమించేసి, ఉత్తరం మడిచి, పెట్టె అడుగున చీరల కింద పెట్టేస్తావు. పిల్ల వేలు అలాగే వాలి ఉంటుంది. కోపం తెచ్చుకో చెల్లాయ్. ఇన్నేళ్లుగా ఆ రేకు ముక్క మీద పెట్టుకున్న కోపమంతా తీసి నా మీద పెట్టుకో. రేకు ముక్కని పిల్లకి వదిలెయ్.

ఎనిమిది వారాలు నిండేదాకా వేలు ఎలా ఉందని నేను అడగను. నువ్వూ రాయకు.

ఇట్లు,
నీ వేలు చెడగొట్టిన
అన్నయ్య